రేవతి తరువాత

అయితే మొదటి రోజు నాన్న చెప్పింది నిజమే అయివుండాలి. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉందని అప్పటికింకా ఆయనకు తెలియదు కదా. అత్త అడిగింది, ఆయన గోడ మీది క్యాలెండరు చూసి చెప్పాడు, అంతే. అబద్ధం ఆ తర్వాతెప్పుడో మొదలైంది. వారానికో, పది రోజులకో. ఎంత వెనక్కి వెళ్ళి వెతికినా ఆ మొదటి అబద్ధం నాకు దొరకదు. నిద్ర పట్టిన క్షణం ఎవరికీ దొరకనట్టే.

"ఒరే తినాదూ, ఈయాల నక్షత్రమేటిరా?"

ఆ గొంతు మాత్రం దొరుకుతుంది. పాలు పోశారా అని అడిగినంత మామూలుగా ఉండేది. మా నాన్న పేరు త్రినాధరావు. ఆ పేరును అంతగా అరగదీసి పిలిచే హక్కు లోకంలో ఒక్క అత్తకే, ఆయన 'అప్పా' అని పిలిచే అక్కకే ఉండేది.

అది రెండువేల మూడు మొదట్లో. మా వైపు చెరకు నరికి గానుగాడే రోజులు. తుమ్మపాల దాటి మా ఊరి దారి పట్టేసరికే గాలి తియ్యగా, మాడిన వాసనతో బరువుగా ఉండేది. నూతి దగ్గర జారిపడి అత్తకు తుంటి ఎముక విరిగింది. ఈ వయసులో ఆపరేషను వద్దన్నాడు డాక్టరు. బళ్ళు, మనుషులు కనబడతారని తన మంచం వీధి గుమ్మం ఉన్న ముందు గదిలోకి మార్పించుకుంది. క్యాలెండరు నడిమి గదిలో, ముందు గది తలుపు పక్కనే వేలాడేది. నాన్న పొలానికి వెళ్తూ దాని ముందు ఆగేవాడు. అత్త మంచంలోంచి అడిగేది.

"నక్షత్రాలెందుకత్తా నీకు?" అన్నాను ఒకరోజు.

"పోడానికి."

"ఎక్కడికి?"

"సంతకి," అంది. "ఇంత సదువు సదివినావు, ముసిల్ది ఎక్కడికి పోతాదో తెల్దేటి నీకు?"

ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. వరసగా వచ్చే ఈ అయిదు నక్షత్రాలూ పంచకం. ఈ అయిదింటిలో ఎవరైనా పోతే ఆ ఇల్లు, పోనీ కనీసం ఆ గది, నెలల తరబడి మూసెయ్యాలంటారు మావాళ్ళు. అత్తకు చదువు రాదు. కానీ పొలం పనులు చేసినవాళ్ళకు కార్తెలు నోటికి వచ్చు, కార్తెల పేర్లే నక్షత్రాల పేర్లు. ఇరవై ఏడూ ఆపకుండా అప్పజెప్పేది. పోవడం గురించి ఆమెకు భయం లేదు. ఆ అయిదింటిలో పోతానేమోనన్నదే భయం.

"నా సావుకి ఆడి గుమ్మం మూతపడకూడదు," అనేది.

ఆడి గుమ్మం. ఆమె ఎప్పుడూ అలాగే అనేది. పందొమ్మిదేళ్ళకు భర్త పోయి కోటవురట్ల నుంచి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. మా అమ్మ నన్ను కని పోతే నన్ను పెంచింది. ఆ ఇంట్లో ప్రతి గోడనూ అలికింది, ప్రతి గేదె పేరూ ఆమె పెట్టిందే. అయినా కూరలమ్మే మనిషితో "మా తమ్ముడింటికి తే" అనేది. నలభై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నోట "మా ఇల్లు" అన్నమాట నేను గాని, నాన్న గాని వినలేదు.

నేను యూనివర్సిటీలో సైకాలజీ ఎమ్మే చేసి, అనకాపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. సైకాలజీలో పిల్లలు చేరలేదు. చదివిన పేర్లన్నీ నాలోనే మిగిలిపోయాయి. వాటిని ఇంట్లోవాళ్ళ మీద మనసులోనే వాడుకునేదాన్ని. అత్త భయానికి ఒక పేరుంది, నాన్న మౌనానికి ఇంకొకటి. పేరు పెట్టగానే ఆ మనిషిని ఒక గదిలో పెట్టి తలుపేసినంత నిమ్మళంగా ఉండేది నాకు. అందుకేనేమో, కళ్ళముందు జరుగుతున్నది చాలా ఆలస్యంగా గమనించాను.

గమనించిన రోజు ఏ నక్షత్రమో గుర్తులేదు. నాన్న ఏం చెప్పాడో గుర్తుంది. ముందు రోజు "రేవతప్పా" అన్నాడు. ఆరోజు "ధనిష్ఠ" అన్నాడు.

ఆయన వెళ్ళాక క్యాలెండరు చూశాను. అది రెండూ కాదు. తర్వాత నాలుగు రోజులూ చెవిపెట్టి విన్నాను. శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి. మళ్ళీ ధనిష్ఠ. నాలుగు మూలల గదిలో గోడ పట్టుకుని తిరిగేవాడిలా నాన్న ఆ అయిదు నక్షత్రాలలోనే తిరుగుతున్నాడు. పంచకం అయిపోయిందని తెలిస్తే అక్క వెళ్ళిపోతుంది. కాబట్టి పంచకం అయిపోకూడదు.

సాయంత్రం బెల్లం పొయ్యి దగ్గరికి వెళ్ళాను. పెనంలో చెరకు రసం పసుపు నురుగు కడుతోంది. నాన్న పొడుగు గరిటెతో నురుగు తీస్తున్నాడు.

"నాన్నా, రేవతి తర్వాత వచ్చేది ధనిష్ఠ కాదు," అన్నాను.

ఆయన ఎండిన చెరకు పిప్పి తీసి పొయ్యిలోకి తోశాడు. మంట లేచి ముఖం ఎర్రగా కనబడింది.

"కల్లజోడు లేపోతే నాకా అయిదే అవుపిస్తాయి," అన్నాడు.

కళ్ళజోడు ఆయన చొక్కా జేబులోనే ఉంది. దాని మీద రసం తుంపరలు పడి ఆరిపోయి ఉన్నాయి.

"అత్త నమ్ముతోంది," అన్నాను.

"మరదే కావాల."

ఇంటికి తిరిగాను. నాకు కోపం వచ్చిందా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. రాలేదు. దారి పొడుగునా, నడుస్తూ, ఏదో పండగ బట్టలు కొనిపెట్టినంత తేలిగ్గా ఉంది. ఆయన అబద్ధంలో నాకూ వాటా ఉందని అప్పుడు ఒప్పుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త తలకు నూనె రాస్తున్నాను. జుట్టు పిడికెడు కూడా లేదు. వీధిలో చెరకు ట్రాక్టరు వెళ్తుంటే గదంతా అదిరింది. వెనకాల పిల్లలు గడలు లాక్కుంటూ పరిగెడుతున్నారు. అత్త అది చూసి నవ్వుకుంది.

"ఓలె ఇందూ, నీకోటి సెప్తాను. నాకు పెళ్ళయి కోటవురట్ల బండెక్కినానా, ఎడ్లు కట్టేరు, అందరూ ఏడ్సేరు, బండి కదల్దు. ఏటని సూత్తే సక్రానికి సీల లేదు. సీల లేపోతే సక్రం ఊడిపోద్ది గదా. ఊరంతా ఎతికినారు. మీ నాన్నా ఎతికినాడు. ఆరేడేళ్ళుంటాయి గావాల. గడ్డిలో ఎతికినాడు, ఎడ్ల కింద ఎతికినాడు."

"దొరికిందా?"

"ఆడి లాగు జేబు ఓ పక్కకి ఈడ్సీసుకుపోతంది, ఇనప సీల బరువుకి. నేను బండి మీంచి సూత్తన్నాను."

"చెప్పలేదా?"

"ఏల సెప్తాను. అంత కట్టపడి ఎతుకుతుంటే. ఇంకో బండి కట్టినారు. ఎల్లిపోనాను."

నా వేళ్ళు ఆమె తల మీద ఆగిపోయాయి. ఆమె అది గమనించింది.

"రేవతి తరవాత అశ్వినే," అంది, వీధిలోకి చూస్తూ. "ఆడికా మాట నోటంట రాదు."

"మరి నీకు తెలుసని..."

"సెప్తే పొద్దున్నే ఆడేటి మాటాడతాడు నాతోటి?"

"అసలు నక్షత్రమేదో నన్నడగొచ్చుగా. నేను చెప్తాను."

అనేశాను గాని, ఆమె అడగకూడదనే అనుకున్నాను. అత్త నా వైపు తల తిప్పలేదు. తిప్పకపోవడం నా మీద దయేనని ఇప్పుడనుకుంటాను.

"నా లెక్క ఎప్పుడో తప్పిపోనాది. పడుకున్నదానికి పగలేటి, రాత్రేటి. ఆడు ఏది సెప్తే అది కాదని మాత్రం తెలుసు. అది సాలు. ఒగ్గీ, నూని కారిపోతంది మొకం మీద."

అప్పటినుంచి ప్రతి ఉదయం ఆ ఇద్దరినీ వినడం నాకు పనయింది. ఒకరు అబద్ధం చెప్పేవారు, ఒకరు దాన్ని నమ్మినట్టు విని పెట్టేవారు. "శతభిషమప్పా." "అలాగేటి. ఇంకా ఒదల్లేదా పాడు పంచకం." "ఒదల్లేదప్పా." ఇంతకంటే ప్రేమగా ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం నేను ఎక్కడా వినలేదు. చదవనూ లేదు.

ఆ ఉదయం నేను పెరట్లో రాగి జావ కాస్తున్నాను. మాటలు గోడ మీదుగా వచ్చాయి.

"ఒరే తినాదూ, ఈయాల నక్షత్రమేటిరా?"

"రేవతి."

రోజూ ఉండేంత ఆలస్యం లేకుండా వచ్చింది ఆ జవాబు.

"రేవతా," అంది అత్త. "మరయితే సరేలే."

"సరేటప్పా?"

"ఏటీ లేదు. ఎల్లు, పాకం ముదిరిపోతాది."

నాన్న వెళ్ళిపోయిన చప్పుడు. నేను జావ గ్లాసులో పోసి, ఊదుతూ లోపలికి వెళ్ళాను. అత్త గోడవైపు ఒత్తిగిలి ఉంది. తుంటి విరిగాక ఆ వైపు తిరగడం ఆమెకు చేతకాదు. అయినా తిరిగి ఉంది. వీధిలోవాళ్ళకు ముఖం కనబడకుండా. నేను మంచం పక్కన నిలబడి, జావ చల్లారేదాకా ఊదుతూనే ఉన్నాను.

తొమ్మిది కాకముందే ఇల్లు నిండిపోయింది. పక్కింటి తలుపులమ్మ అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమె ఏడిస్తే నాలుగు వీధులకు వినబడేది, ఆరోజు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని చప్పుడు లేకుండా ఏడ్చింది. నాన్నకు బావ వరసయ్యే పరదేశి వచ్చాడు. ఊళ్ళో ఏ ఇంట ఎవరు పోయినా ముందుండి పనులు నడిపించే మనిషి. వస్తూనే క్యాలెండరు ముందు నిలబడ్డాడు. నాన్నను పెరట్లోకి పిలిచాడు. నేను అక్కడే నీళ్ళు తోడుతున్నాను.

"బావా, ఈయాల రేవతి."

"ఔను."

"ఎనిమిదిన్నర దాకానే. తరవాత అశ్విని. ఒదిన ఎప్పుడు పోయిందో గడియారం పట్టుకుని ఎవుడు కూకున్నాడు? ఎనిమిదిన్నర దాటేక సూసేమని పంతులుగారితో అందాం. గదీ ముయ్యక్కర్లేదు, గుమ్మమూ ముయ్యక్కర్లేదు. గానుగ రోజులు, ఆలోసించు."

నిజమే. బెల్లం దిమ్మలు ఆ గుమ్మంలోంచే వస్తాయి, ఆ గుమ్మంలోంచే అనకాపల్లి మార్కెట్టుకి వెళ్తాయి. పెరటివైపు సందులో సైకిలు తప్ప ఏదీ పట్టదు. నాన్న ఒక్క మాట అంటే చాలు. రెండు నెలలుగా రోజుకొకటి చొప్పున అన్న మనిషికి ఇంకొక్కటి అనడం ఎంత.

"రేవతిలోనే పోనాది," అన్నాడు నాన్న.

"అది కాదు బావా..."

"మూసీండి."

నేను బిందె దించి లోపలికి వెళ్ళి క్యాలెండరు చూశాను. పరదేశి చెప్పింది నిజం. రేవతి ఎనిమిదిన్నర వరకు. గుండ్రంగా తిరిగే నాన్న అబద్ధం, తన దారిన తాను తిరిగే ఆకాశం, ఆ ఒక్క ఉదయం ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. ఆరోజు నాన్న అబద్ధం చెప్పలేదు. అత్తకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

మరయితే సరేలే.

పంతులుగారు మూడు నెలలన్నారు. కర్మలయ్యాక వీధి తలుపు లోపలినుంచి గడియ వేసి, నడిమి గది వైపు తలుపుకు గొళ్ళెం పెట్టారు. మేం పెరటి దారిన, గేదెల పక్కనుంచి ఇంట్లోకి రావడం మొదలుపెట్టాం. నాన్న దిమ్మలను భుజం మీద ఒక్కొక్కటిగా సందులోంచి మోశాడు. అరవై దాటిన మనిషి. పరదేశి దారిలో ఎదురైనప్పుడల్లా తల కొట్టుకునేవాడు.

బెల్లం కొట్టు గుమాస్తా నూకరాజు ఒకరోజు వీధి తలుపు దబదబా బాదాడు. నాన్న సందు మొదట్లోకి వెళ్ళి పిలిచాడు.

"ఇటు రా బాబూ, ఇటు."

"ఇదేటండి, దొంగల్లాగ ఎనకనించి. తలుపుకేటైనాది?"

"మా అప్ప పోనాది. రేవతిలో పోనాది. అందుకని మూసీసినాం."

నూకరాజు తన తప్పేదో ఉన్నట్టు చెప్పులు విప్పేశాడు. నాన్న అతణ్ణి కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. నూతి దగ్గర పడడం, మంచం మార్చడం, రాగి జావ. కరెంటు బిల్లు కుర్రాడికీ చెప్పాడు. హైవే వెడల్పు చేస్తున్నారు కదా, ఆ పనికి వచ్చి దాహం అడిగిన ఒరియావాళ్ళకూ చెప్పాడు. వాళ్ళకు భాష రాదు. మూసిన తలుపు చూపించి రెండు చేతులూ చెంపకింద పెట్టి చెప్పాడు. జీవితమంతా ఆమె గురించి నాలుగు మాటలు మాట్లాడని మనిషికి, ఆ తలుపు మూసి ఉండడం వల్ల, రోజూ ఎవరో ఒకరు వచ్చి అడిగేవారు.

ఎండలు ముదిరాయి. గానుగ అయిపోయింది. ఒక సాయంత్రం పెరట్లో నులక మంచం మీద కూర్చుని, నాన్న తనంతట తానే అన్నాడు:

"నేను సెప్పేను గదా అప్పకి, రేవతని."

"చెప్పావు."

"నిజంగానే రేవతి. అంతకుముందంతా అబద్దం. అయ్యన్నీ నమ్మి, పాపం, నా గుమ్మం కోసం ఊపిరి బిగబట్టుకుని ఆగినాది. ఆయాల ఆగలేదు. రేవతని తెలిసీ ఎల్లిపోనాది." ఆయన అరచేతిని మోకాలి మీద రుద్దుకున్నాడు. "ఏలంటావు?"

నేను మంచం అంచున కూర్చున్నాను.

"తన ఇల్లనుకుంది. తమ్ముడిల్లు అనుకున్నన్నాళ్ళూ ఆగినాది. తనిల్లయితే ఎప్పుడైతేనేటి, తలుపు మూసుకుంటే ఎవుడికేటి. ఔనా?"

నా దగ్గర ఇంకో జవాబుంది. ఆమె రేవతి అంటే రేవతి కాదనుకుంది నాన్నా. నువ్వు చెప్పింది ఎప్పటిలాగే అబద్ధమని నమ్మి, నీ గుమ్మానికి ఏ దోషం లేదనుకుని, నిమ్మళంగా గోడవైపు తిరిగింది. చివరిదాకా అది ఆమెకు తమ్ముడిల్లే. ఈ మాటలు నా నాలుక మీద ఉన్నాయి. ఇనప సీలలా బరువుగా ఉన్నాయి.

"ఔను నాన్నా," అన్నాను.

అని, ఆ రోజునుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. నేను విన్నది గోడ ఇవతలినుంచి. ఆ "సరేలే" అన్నప్పుడు ఆమె ముఖం చూసింది నాన్న. యాభై ఏళ్ళు ఆయన అబద్ధాలు విన్న మనిషికి, ఆరోజు తడుముకోకుండా వచ్చిన నిజం నిజంలా వినబడలేదని నేనెలా అనగలను? నా జవాబు ఎక్కువ తెలివైనది. అంతమాత్రాన ఆయనది తప్పవుతుందా?

మూడు నెలలూ నిండాయి. పంతులుగారు కబురు చేశారు, ఏదైనా మంచి నక్షత్రం చూసుకుని కడిగి తెరవమని. నాన్న ఉదయమే క్యాలెండరు ముందు నిలబడి చూసి, "ఈయాల శతభిషం. బాగోదు," అన్నాడు. మర్నాడు పూర్వాభాద్ర అన్నాడు. ఆ తర్వాత ఉత్తరాభాద్ర. నేను క్యాలెండరు చూడలేదు. చూడకపోయినా తెలుసు. రెండు వారాలు దాటాయి. తలుపులమ్మ గోడ మీంచి, "ఏటోలమ్మా, ఇంకా ఎనక దారేనా మీకు," అని అడిగితే నాన్నే జవాబిచ్చాడు. "పంచకం ఒదల్లేదు."

తప్పు ఆయన మీద నెట్టి హాయిగా ఉన్నాను నేను. నిజానికి ఆ గొళ్ళెం నా చేతికి అందేంత ఎత్తులోనే ఉంది. రోజుకు పదిసార్లు దాని పక్కనుంచి వెళ్తున్నాను. తెరిస్తే అత్త మంచం లేదు, ఉత్త గది. మూసి ఉన్నంతకాలం లోపల ఏమున్నదీ చూడక్కర్లేదు. పొద్దున్న గిన్నెలు తోముతూ, ఆ తలుపు వెనక ఇంకా అడగని ప్రశ్న ఒకటి ఉన్నట్టు చెవి ఒగ్గడం నాకు అలవాటైపోయింది. దీనికీ పుస్తకాల్లో పేరు ఉండే ఉంటుంది. వెతకలేదు.

మూడు వారాలు కావస్తున్న రోజున, నాన్న తలపాగా చుట్టుకుని క్యాలెండరు ముందు ఆగాడు. రాత్రి వాన పడి పెరడంతా బురదగా ఉంది. ఆయన కాళ్ళకు మడమల దాకా బురద. నేను చేతులు తుడుచుకుని, మూసిన తలుపు దగ్గరికి వెళ్ళి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. అక్కడినుంచే అడిగేది అత్త.

"ఈయాల నక్షత్రమేటి నాన్నా?"

ఇంట్లో నేను ఎప్పుడూ అలా మాట్లాడను. ఈయాల అన్నమాట నా నోట నాకే కొత్తగా ఉంది. ఆయన నావైపు చూశాడు. నా వైపా, నా వెనక తలుపు వైపా అన్నది తెలియలేదు. తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీశాడు. పంచె అంచుతో రెండు అద్దాలూ తుడిచాడు. పెట్టుకున్నాడు. వేలు పెట్టి గడి వెతికాడు.

పెరట్లో గేదె అరిచింది. చూరునుంచి నీళ్ళు పడుతున్నాయి.

"అశ్విని," అన్నాడు.

నేను వెనక్కి తిరిగి గొళ్ళెం తీశాను.